పక్కన కూర్చునే పని

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వచ్చే నెలలో పిల్లల వసతి గృహంలో చేరుతున్నావన్న చోట నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ కింది మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. సోషల్ పెడగాజీకి, అంటే మనుషుల రోజువారీ బతుకులో తోడుగా ఉండి ఎదగనిచ్చే ఈ పనికి, పుస్తకంలో బోలెడు నిర్వచనాలున్నాయి, రేపు పిల్లల మధ్య నిలబడితే ఏం చేయాలో ఒక్కటీ చెప్పడం లేదన్నావు. ముప్పై ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. 'సామాజిక బోధనాశాస్త్రం' అని తెలుగు చేస్తారు. ఆ 'బోధన' నిన్ను దారి తప్పిస్తుంది, వినగానే నల్లబల్ల కళ్ళ ముందుకొస్తుంది. ప్రాచీన గ్రీసులో పైడాగోగోస్ అంటే పంతులు కాదు. యజమాని కొడుకును బడి దాకా వెంటబెట్టుకెళ్ళి మళ్ళీ ఇంటికి తెచ్చే బానిస. దారంతా వాడితో నడిచేవాడు. మన మాటల్లో దీనికి దగ్గరగా నాకు 'పెంపకం' ఒక్కటే కనిపిస్తుంది. జర్మనీలో గెర్ట్రూడ్ బోయిమర్ 1929లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: పెంపకంలో ఇల్లూ బడీ తీసేయగా మిగిలినదంతా సోషల్ పెడగాజీ అని.

చరిత్ర నీకు తెలిసిందే కాబట్టి సాగదీయను. 1844లో జర్మన్ విద్యావేత్త కార్ల్ మాగర్ ఆ పేరు వాడాడు. 1899లో జర్మన్ తత్వవేత్త పాల్ నాటోర్ప్ దానికి సిద్ధాంతం కట్టాడు: మనిషి తోటి మనుషుల మధ్య బతికితేనే మనిషవుతాడు, కాబట్టి పెంపకం బాగుపడాలంటే ఆ మనుషులంతా కలిసి బతికే తీరూ బాగుపడాలి. ఈ రెండో సగాన్ని పరీక్ష రాయగానే చాలామంది మరిచిపోతారు. నువ్వు మరిచిపోకు. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

పరిధి అంటావా, పెద్దదే. డెన్మార్క్‌లో 'పెడగాగ్' అయ్యేందుకు మూడున్నరేళ్ళ చదువుంది. అది చదివినవాళ్ళు పసిపిల్లల కేంద్రాల్లో, వసతి గృహాల్లో, వైకల్యం ఉన్నవాళ్ళ దగ్గర, ఇంకా ఎన్నో చోట్ల పనిచేస్తారు. ఎక్కడైనా పని ఒకటే. అవతలి మనిషి రోజువారీ బతుకులోకి వెళ్ళి, అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ మొదలుపెట్టడం ఎలాగో నాకు నేర్పింది ఒక పంచరు. మా దగ్గరికి పదమూడేళ్ళ కుర్రాడు వచ్చాడు. రెండు నెలలు ఎవరితోనూ మాట కలపలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎలా ఉన్నావు, మీ నాన్న గురించి ఏమనిపిస్తోంది అని అడిగేదాన్ని. వాడు నేలకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు నా సైకిలు గాలి దిగిపోయింది. వరండాలో ట్యూబు బయటికి లాగి కుస్తీ పడుతుంటే వాడొచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, ఏమీ అనకుండా బకెట్టులో నీళ్ళు తెచ్చాడు. ట్యూబును కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచుతూ తిప్పాం. బుడగలు వచ్చిన చోట వాడు వేలు పెట్టి పట్టుకున్నాడు. నేను గరుకు కాగితంతో రుద్దాను, వాడు సొల్యూషన్ రాశాడు. నేను వెంటనే ప్యాచ్ అంటించబోతే చెయ్యి అడ్డుపెట్టి, "ఆగండి మేడమ్, ఆరాలి" అన్నాడు. అదే వాడి మొదటి మాట. అది ఆరేలోగా, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాడు. వాళ్ళ నాన్న దగ్గర. రెండు నెలలు నేను అడిగిన ప్రశ్నలన్నీ ఆ నాన్న గురించే.

డెన్మార్క్ వాళ్ళు దీన్ని 'ఉమ్మడి మూడోది' అంటారు. నువ్వు ఒకటి, పిల్లవాడు రెండు, ఇద్దరి చూపూ నిలిచే పని మూడోది. కాకపోతే ఆ పని నీకు నిజంగా అవసరమై ఉండాలి. వాడి చేత మాట్లాడించడానికి పెట్టిన నాటకమైతే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. ఆ రోజు నాకు సైకిలు కావాలి, వాడికి పని తెలుసు. అందుకే వాడు నాకంటే ఒక మెట్టు పైన నిలబడగలిగాడు.

ఇక నేను చేసిన ఒక తప్పు చెబుతాను, నువ్వు చేయకూడదని. మనలో వృత్తిపరమైనది (మన చదువూ పనితనమూ), వ్యక్తిగతమైనది (మన స్వభావం), ఆంతరంగికమైనది (మన సొంత గాయాలు) అని మూడుంటాయని చదివే ఉంటావు. మొదటి రెండూ పిల్లల దగ్గరికి తీసుకెళ్ళాలి, మూడోది వాకిలి దగ్గరే ఆపాలి. మీ తాతయ్య, అంటే మా నాన్న, చనిపోయిన నెలలో ఒక పిల్ల తన తల్లి కోసం ఏడుస్తుంటే, ఓదార్చబోయి నా దుఃఖమంతా దాని ముందు వెళ్ళబోసుకున్నాను. దగ్గరితనం అనుకున్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల నా ముఖం చూసి మసలుకోవడం మొదలుపెట్టింది. నేను నవ్వితే నవ్వేది, నేను డీలా పడితే తన గొడవ దాచుకునేది. తొమ్మిదేళ్ళ పిల్ల మీద నన్ను మోసే బరువు పెట్టానని తెలిసేసరికి మూడు వారాలు పట్టింది. నాకూ నాన్న లేడు అని చెప్పి ఆగిపోయి ఉంటే సరిపోయేది. ఒక మాట నోట్లోంచి వచ్చేముందు అది ఎవరి కోసమో చూసుకో.

అధికారం గురించి కూడా అడిగావు. పోలండ్ పిల్లల వైద్యుడు యానుష్ కోర్చాక్ సంగతి మళ్ళీ చదువు. 1912లో వార్సాలో మొదలైన అనాథ గృహాన్ని ఆయన స్టెఫానియా విల్చిన్‌స్కాతో కలిసి నడిపాడు. అక్కడ పిల్లలదే న్యాయస్థానం, న్యాయమూర్తులూ పిల్లలే. ఆ న్యాయస్థానపు శిక్షాస్మృతిలో మొదటి 99 సూత్రాలూ క్షమించడానికే. ఆరు నెలల్లో అయిదుసార్లు తన మీద తానే ఫిర్యాదు పెట్టుకున్నాడు, అందులో ఒకటి ఒక అమ్మాయిని దొంగతనం చేశావని అనుమానించినందుకు. 1942 ఆగస్టులో నాజీలు దాదాపు 200 మంది పిల్లల్ని ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి తరలించినప్పుడు వాళ్ళను వదిలి వెళ్ళలేదు. ఆ చివరి నడక గురించే అందరూ చెబుతారు, చెప్పవలసిందే. నాకు మాత్రం ఆ అయిదు ఫిర్యాదులు ఎక్కువగా పనికొచ్చాయి. పిల్లల ఎదుట "నాది తప్పు" అనడం అంత తేలిక కాదమ్మా.

నాటోర్ప్ రెండో సగం దగ్గరికి వస్తానన్నాను. మా గృహంలో ఒక అమ్మాయి రోజూ బడికి ఆలస్యం. బద్ధకం, నిర్లక్ష్యం అని ఫైలులో రాసి ఉంది. నేనూ నమ్మాను. పిల్లల సమావేశంలో విషయం ఎత్తితే ఒక చిన్నవాడు చెప్పాడు: స్నానాల వరసలో ఆ అమ్మాయి ఆఖరు, ఎందుకంటే చిన్నపిల్లలకు జడలు వేసేది తనే. ఆ పని తనకు ఎవరూ అప్పజెప్పలేదు, మేమెవరం చూడనూ లేదు. వరస మార్చాం, జడల పని పెద్దవాళ్ళం పంచుకున్నాం, ఫైలులో రాసినది కొట్టేశాను. పిల్లను లోకానికి సరిపోయేలా దిద్దడమే మన పని అనుకుంటే, ఆ అమ్మాయి ఇప్పటికీ బద్ధకస్తురాలే. సిద్ధాంతం నాకు అక్కరకొచ్చింది ఇలాంటి చోటే, వేలు పిల్ల మీదికి లేచినప్పుడు ఒకసారి మా ఏర్పాటు వైపు తిప్పి చూసుకోవడానికి.

చేరగానే ఫైళ్ళు ఇస్తారు. మందులు, ప్రమాదాల పేజీ మాత్రం తప్పకుండా అదే రోజు చదువు. మిగతాది పది రోజులు ఆగి, పిల్లల్ని చూశాక చదువు. రాత్రి పడుకునేముందు నోటుబుక్కులో రెండు ముక్కలైనా రాసుకో, ఆ రోజు నువ్వు ఎవరి మాట వినిపించుకోలేదో. వారంలో ఒకసారి నీకంటే అనుభవమున్నవాళ్ళతో కూర్చుని ఆ పేజీలు మాట్లాడుకో. ఒక్కదానివే మోయాలని చూడకు.

మొదటి వారం గడిచాక నాకు ఉత్తరం రాయి. ఆ పిల్లల్లో ఎవరు నీకు ఏ పని నేర్పారో రాయి.

ఇట్లు,
పెద్దమ్మ