పెరట్లో పండిన రూబార్బ్ నుంచి వైన్ కోసం రసం తీయడం ఎలా?

ఇంగ్లండ్‌లో మీ పెరట్లో రెండు కిలోల రూబార్బ్ (పుల్లటి ఎర్రకాడల మొక్క) కాడలు వచ్చాయి, మిక్సీలో వేస్తే పీచు చుట్టుకుంది, ఉడకబెడితే గుజ్జైపోయింది, వైన్‌కి తేట రసం ఎలా తీయాలి అని కదా మీ ప్రశ్న. మిక్సీ, జ్యూసరు, పొయ్యి మూడూ పక్కన పెట్టేయండి. ఫ్రీజరు, పంచదార ఉంటే చాలు.

కాడలో 90 శాతానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళు కణాల్లో బిగుసుకుని ఉంటాయి. గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగేటప్పుడు రసం దానంతటదే కారుతుంది. మిగిలినదాన్ని పంచదార లాగేస్తుంది. ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లో ఊట ఊరినట్టే ఇదీ.

ముందు ఆకులు పూర్తిగా తీసేయండి. వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అవి విషం. గట్టి మంచుకు మెత్తబడి వాలిపోయిన కాడలూ వద్దు. తొక్క తీయొద్దు, ఎరుపు చాలావరకు అందులోనే ఉంటుంది. కాడని అడ్డంగా, సెంటీమీటరు మందాన చక్రాల్లా తరగండి. పొడవు ముక్కలు కోస్తే పీచు పొడుగ్గా మిగిలి వడకట్టేటప్పుడు విసిగిస్తుంది. కనీసం రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచండి. నెలల తరబడి ఉన్నా నష్టం లేదు, కాబట్టి కోసినప్పుడల్లా కొంచెం కొంచెంగా పోగేసుకోవచ్చు. కాకపోతే జూన్ చివరికి కోత ఆపేయండి, మొక్క మళ్ళీ బలం పుంజుకోవాలి.

4.5 లీటర్ల వైన్‌కి లెక్క: కాడలు 2 కిలోలు, పంచదార 1 కిలో (మరో 100 గ్రాములు చేతిలో ఉంచుకోండి). మూతున్న ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్లో గడ్డకట్టిన ముక్కలు ఒక వరుస, పంచదార ఒక వరుసగా పరవండి. ఒక క్యాంప్‌డెన్ మాత్ర (వైన్ తయారీలో వాడే సల్ఫైట్ మాత్ర) నలిపి, రెండు చెంచాల నీళ్ళలో కలిపి పైన చల్లండి. గాలిలోని ఈస్ట్ ముందే పని మొదలుపెట్టకుండా ఆపేది అదే. అల్యూమినియం, రాగి పాత్రలు మాత్రం వద్దు, ఈ పులుపు వాటిని తినేస్తుంది. స్టీలు పర్వాలేదు.

చల్లటి గదిలో 24 నుంచి 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు అడుగు నుంచి కలపండి. అడుగున పంచదార పేరుకుంటే అక్కడ ఊట ఊరదు. పని అయిందని కాడ ముక్కే చెబుతుంది: ముడుచుకుపోయి, తోలులా సాగుతూ, గులాబీరంగు పాకంలో తేలుతుంటుంది. పలుచటి మస్లిన్ గుడ్డలో పోసి వేలాడదీయండి. గట్టిగా పిండొద్దు, పిండితే సన్నటి గుజ్జు దిగి తర్వాత తేరడానికి నెలలు పడుతుంది. పిప్పిలో పంచదార మిగిలే ఉంటుంది కనుక లీటరు చల్లటి నీళ్ళలో పావుగంట నానబెట్టి మళ్ళీ వడకట్టి, ఆ నీళ్ళు కూడా పాకంలో కలపండి. తర్వాత నీళ్ళు పోసి మొత్తం 4.5 లీటర్లు చేయండి.

ఇప్పుడు హైడ్రోమీటరు, అంటే రసం సాంద్రత కొలిచే పరికరం. 1.085–1.090 మధ్య రావాలి, అంటే దాదాపు 12 శాతం ఆల్కహాలు. తక్కువుంటే ఆ 100 గ్రాముల్లోంచి వేయండి. బాగా కలపకుండా చూస్తే అంకె తప్పొస్తుంది.

ఎక్కువమంది తడబడేది పులుపు దగ్గరే. పాత ఇంగ్లీషు పద్ధతుల్లో కళ్ళు మూసుకుని సుద్ద వేయమంటారు. రెండు కిలోలకు 4.5 లీటర్ల లెక్కన నీళ్ళు కలిపాక చాలాసార్లు ఆ అవసరమే రాదు. ఆమ్లం కొలిచే కిట్‌తో చూడండి. టార్టారిక్ ఆమ్లం లెక్కలో లీటరుకు 6–7 గ్రాములుంటే ముట్టుకోకండి. ఎక్కువుంటేనే ఫుడ్ గ్రేడ్ కాల్షియం కార్బొనేట్ (ఆ సుద్ద ఇదే), ఒక విడతకు 3 గ్రాములు. అది లీటరుకు ఒక గ్రాము దాకా తగ్గిస్తుంది, ఆక్సాలిక్ ఆమ్లాన్నీ కాల్షియం ఆక్సలేట్‌గా అడుక్కి దింపుతుంది. వేయగానే నురుగు పొంగుతుంది, బకెట్లో ఖాళీ ఉంచండి. బడిలో రాసే సుద్దముక్కలు వాడొద్దు, వాటిలో చాలావరకు జిప్సమే. సుద్ద ఎక్కువైతే వైన్ చప్పగా, నాలుక మీద పిండిలా ఉంటుంది, దాన్ని బాగుచేయడం కష్టం. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు ఈ వైన్ జోలికి పోకపోవడమే మేలు.

క్యాంప్‌డెన్ వేసి 24 గంటలు దాటాక పెక్టిక్ ఎంజైమ్ (పెక్టిన్ అనే జిగురును విడగొట్టేది) ఒక టీస్పూను, ఈస్ట్ న్యూట్రియంట్ (ఈస్ట్‌కి ఆహారం) ఒక టీస్పూను, ఒక కప్పు పాలులేని చిక్కటి టీ కలపండి. టానిన్ (వగరునిచ్చే పదార్థం) కోసమే ఆ టీ. న్యూట్రియంట్ మానేస్తే కుళ్ళిన గుడ్డు వాసన రావచ్చు, ఎందుకంటే ఈ రసంలో ఈస్ట్‌కి కావలసిన నైట్రోజన్ తక్కువ. మర్నాడు ఈస్ట్ వేయండి. నా ఓటు లాల్విన్ 71బికే. రూబార్బ్ పులుపులో పెద్ద వాటా మాలిక్ ఆమ్లానిది, ఈ ఈస్ట్ అందులో కొంత తినేస్తుంది. 18–20 డిగ్రీల్లో బకెట్లో ఐదారు రోజులు ఉంచి, ఆ తర్వాత ఎయిర్‌లాక్ (గ్యాసు బయటికి వదిలి గాలి లోపలికి రానివ్వని మూత) ఉన్న గాజు జాడీలోకి మార్చండి.

స్టీమ్ జ్యూసర్ గురించి కూడా కొందరు చెబుతారు. పది కిలోలు ఒకేసారి చేతికొస్తే అది సుఖమే, కానీ వేడికి పెక్టిన్ దిగుతుంది, ఉడికిన రుచి వస్తుంది. మీ ఉడకబెట్టిన గుజ్జుది కూడా ఇదే సమస్య. దాన్ని పారేయక్కర్లేదు, పప్పులోనో పచ్చడిలోనో గోంగూర బదులు వేసుకోండి.

వైన్ నెలలు గడిచినా తేరకపోతే ఒక చెంచా వైన్‌లో నాలుగు చెంచాల మిథిలేటెడ్ స్పిరిట్ (తాగకుండా విషం కలిపిన ఆల్కహాలు) కలిపి చూడండి. జిగురు ఉండలు కడితే ఆ మబ్బు పెక్టిన్‌దే, ఇంకో మోతాదు ఎంజైమ్ వేయాలి. పరీక్ష చేసిన ఆ చుక్కల్ని సింకులో పారబోయండి, అది తాగేది కాదు.