నీ పాఠం ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ నలుగురు లెక్చరర్ల స్టాటిస్టిక్స్ పాఠాలూ కలిపి గిట్‌హబ్‌లో, అంటే ఫైళ్లనూ వాటి ప్రతి మార్పునూ భద్రపరిచే సైట్‌లో, పెట్టాలనుకుంటున్నామని రాశావు. మంచి పని. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’ అంటూ ఈమెయిళ్లలో తిరిగే ఫైళ్ల బెడద వదులుతుంది. ఏమేం పెట్టాలని అడిగావు గానీ ఏం పెట్టకూడదో అడగలేదు. ముందు అది చెబుతాను.

ప్రశ్నపత్రాలు, జవాబులు, మార్కుల జాబితాలు, విద్యార్థుల పేర్లున్న ఏ ఫైలైనా సరే, ఆ రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మీ ఫైళ్లన్నీ ఉండే చోటు) దరిదాపులకు రానీయకు. గిట్‌హబ్ వెనక ఉండి మార్పుల లెక్క రాసుకునే సాఫ్ట్‌వేర్ గిట్. దానికి మరిచిపోవడం చేతకాదు. జవాబుల ఫైలు పొరపాటున ఎక్కించి, మర్నాడు తీసేసి, హమ్మయ్య అనుకుంటారు చాలామంది. పైకి కనబడదంతే. పాత కమిట్లు (గిట్ భద్రపరిచిన ఒక్కొక్క విడత మార్పులు) తిరగేసినవాడికి నిక్షేపంలా దొరుకుతుంది. చరిత్రను తిరగరాసే గిట్ ఫిల్టర్‌రెపో లాంటి పనిముట్లు ఉన్నాయి, కాదనను. కానీ ఈలోపు ఎవరైనా కాపీ దించుకుని ఉంటే చేసేదేమీ లేదు. అప్పటికప్పుడు ప్రైవేటుగా మార్చినా, అంతకుముందే ఫోర్క్ చేసుకున్నవాళ్ల, అంటే తమ ఖాతాలోకి తీసుకున్నవాళ్ల, కాపీలు బహిరంగంగానే ఉండిపోతాయి. అందుకని జవాబులకు మొదటి రోజు నుంచే వేరే ప్రైవేటు రిపాజిటరీ పెట్టుకోండి. అదే రిపాజిటరీలో వేరే ఫోల్డరు పెడితే చాలదా అంటావేమో. చాలదు. అక్కడ చూసే అనుమతి రిపాజిటరీ మొత్తానికి ఇస్తారు, ఫోల్డరు వారీగా కాదు.

ఇక మీ పీపీటీల సంగతి. ఇప్పటి పీపీటీఎక్స్ ఫైలంటే లోపల జిప్ చేసిన మూట. ఒక స్లైడులో ఒక్క అంకె మార్చినా ‘ఫైలు మారింది’ అంటుంది గిట్, ఏం మారిందో చూపించదు. ఇద్దరు ఒకేసారి దిద్దితే రెంటినీ కలపడం దానివల్ల కాదు, ఎవరో ఒకరు మళ్లీ చేసుకోవాల్సిందే. అదే పాఠం మార్క్‌డౌన్, లేటెక్ లాంటి మామూలు అక్షరాల ఫైల్లో ఉంటే ఏ వరుసలో ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో ఎరుపులో, ఆకుపచ్చలో ఎదురుగా కనిపిస్తుంది. పాన్‌డాక్ అనే ఫైలు మార్పిడి ప్రోగ్రాం వాడితే ఒకే మార్క్‌డౌన్ ఫైలు నుంచి స్లైడ్లూ వస్తాయి, పీడీఎఫ్ కూడా వస్తుంది. అలాగని ఉన్నవన్నీ మార్చాకే మొదలుపెడతామంటే ఈ జన్మలో మొదలవదు. ఏటా ఎక్కువగా దిద్దే పాఠం ఒక్కటి ఎంచుకుని మార్చండి. మిగతావి పీపీటీలుగానే ఎక్కించేయండి, వాటి వంతు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

రాసేటప్పుడు ఒక అలవాటు చేసుకో: వాక్యానికో వరుస. గిట్ వరుసకు వరుస పోల్చి చూస్తుంది. పేరా అంతా ఒకే వరుసగా ఉంటే ఒక్క కామా మార్చినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తుంది. చూసేవాడికి విసుగొచ్చి చదవకుండానే సరే అంటాడు. కోడూ వివరణా ఒకే ఫైల్లో ఉండే జూపిటర్ నోట్‌బుక్‌లది ఇంకో తలనొప్పి. కోడ్ నడిపితే చాలు, వచ్చిన ఫలితాలూ గ్రాఫులూ కూడా ఫైల్లో చేరిపోతాయి, ఏమీ దిద్దకపోయినా మార్పు కింద లెక్క. కమిట్ చేసేముందు అవుట్‌పుట్లు తుడిచేయాలని నలుగురూ ఒక మాట అనుకోండి. వీడియోలు అసలు పెట్టొద్దు. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ ఎలాగూ తీసుకోదు.

కమిట్ సందేశం దగ్గర బద్ధకించకు. ‘మార్పులు చేశాను’ అని రాస్తే ఎవరికి ఉపయోగం? ‘5వ పాఠం, 2వ లెక్క: హారం ఎన్ బదులు ఎన్ మైనస్ 1. ఇచ్చింది జనాభా కాదు, శాంపిల్’ అని రాయి. వచ్చే ఏడు ఆ పాఠం ఎత్తుకునే కొత్త లెక్చరర్ దాన్ని మళ్లీ వెనక్కి దిద్దకుండా ఉండాలంటే ఆ చివరి ముక్కే కావాలి. ఏం మారిందో గిట్ చూపిస్తుంది. ఎందుకు మారిందో నువ్వు చెబితేనే తెలుస్తుంది.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తో కాదమ్మా, మనుషులతో. ఇన్నేళ్లుగా తన క్లాసులో తానే రాజైన మాస్టారి పాఠానికి నువ్వు పుల్ రిక్వెస్ట్ (‘ఈ మార్పు కలుపుకోండి’ అనే వినతి) పంపితే ఆయనకు ఎలా ఉంటుందో ఆలోచించు. తప్పు దిద్దడం వేరు, మన అభిరుచి రుద్దడం వేరు. అచ్చుతప్పో, లెక్కలో పొరపాటో అయితే నేరుగా పంపెయ్. ‘ఈ ఉదాహరణ కన్నా అది బాగుంటుంది’ లాంటివైతే ముందు ఇష్యూ (గిట్‌హబ్‌లో చర్చకు పెట్టే చీటీ) తెరిచి అడుగు, ఆయన సరేనన్నాక చెయ్యి. పాఠానికి ఒకరు చొప్పున బాధ్యులను పెట్టుకోండి, మాట తేలనప్పుడు వాళ్లదే నిర్ణయం. ఇద్దరి పద్ధతులూ బాగున్నాయంటే రెండూ ఉంచండి, కొంపేమీ మునగదు.

కమాండ్లు నేర్చుకోనని మొండికేసేవాళ్లు ఉంటారు. వాళ్లను వదిలేయకు, వెంటపడనూ పడకు. బ్రౌజర్లోనే పెన్సిల్ గుర్తు నొక్కి దిద్దొచ్చని ఒకసారి పక్కన కూర్చుని చూపించు. అదీ వద్దంటే పీడీఎఫ్ మీద పెన్నుతో దిద్ది ఇమ్మను, మీలో ఒకరు ఎక్కించి సందేశంలో ఆయన పేరు రాయండి. పేరు కనబడితే మనిషి మెత్తబడతాడు, చూస్తూ ఉండు.

లైసెన్స్ ఫైలు మరవకు. అందరికీ కనబడేలా పెట్టినంత మాత్రాన అందరూ వాడుకోవచ్చని కాదు. లైసెన్స్ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే, అవతలివాళ్లు నీ పాఠాన్ని మార్చి చెప్పుకోవడానికి వీల్లేదు. పాఠానికి క్రియేటివ్ కామన్స్ బీవై 4.0 (రాసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు), కోడ్‌కు ఎంఐటీ లైసెన్స్ పెట్టమంటాను. పరిశోధకులకు కోడింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పాఠాలు నడిచేదీ ఇలాగే. వాళ్ల రిపాజిటరీల్లో ఇష్యూలు ఒక పూట చదివితే, ఊరూ పేరూ తెలియనివాళ్లు ఒకే పాఠం మీద మర్యాదగా ఎలా వాదించుకుంటారో తెలుస్తుంది. ‘ఎన్‌డీ’ (నో డెరివేటివ్స్) అని ఉన్న లైసెన్స్ జోలికి పోకు, అది మార్చినదాన్ని పంచనివ్వదు. పాఠ్యపుస్తకాల నుంచి స్కాన్ చేసిన బొమ్మలు తీసేసి మీరే గీసుకోండి. ఈ పాఠాల మీద హక్కు మీదా, యూనివర్సిటీదా అన్నది కూడా ముందే కనుక్కోండి.

సెమిస్టర్ అయిపోగానే ఒక ట్యాగ్ వేయండి, అంటే అప్పటి పాఠం స్థితికి ఒక పేరు పెట్టండి. పాత బ్యాచ్ పిల్లలకు తాము చదివిన పాఠమే కావాలి, నువ్వు నిన్న దిద్దింది కాదు. రిపాజిటరీని జెనోడో అనే పరిశోధన భాండాగారానికి ముందే కలిపి, ఆ ట్యాగ్‌తో గిట్‌హబ్‌లో రిలీజ్ చేస్తే డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) కూడా వస్తుంది, బయోడేటాలో చూపించుకోవచ్చు.

మొదటి పాఠం ఎక్కించాక లింకు పంపు. మీ కోరిలేషన్ నోట్స్‌తో నాకు చిన్న పేచీ ఉంది, అక్కడే ఇష్యూ తెరుస్తాను.