బోర్డు మీద ముద్దొచ్చిన అక్షరం చీటీ మీద ఎందుకు అలుక్కుపోయింది?

ప్రశ్న: మా అమ్మాయి ఈమధ్యే బేకరీ పెట్టింది. బోర్డు మీద పేరును ఇంగ్లీషులో లావుగా, గుండ్రంగా, చూడగానే నోరూరేలా ఉన్న అక్షరాలతో వేయించాం. ఆ ఫాంటు పేరు కూపర్ బ్లాక్ అని డీటీపీ చేసిన అబ్బాయి చెప్పాడు. బోర్డు అందరికీ నచ్చిందని బిస్కెట్ పొట్లాలకు అంటించే చీటీల మీద దినుసుల జాబితాకు కూడా అదే వాడితే, అంతా నల్లగా అలుక్కుపోయింది. తప్పు అక్షరానిదా, అచ్చు వేసినవారిదా? పక్కన తెలుగు పేరును ఎలాంటి అక్షరాలతో వేయించమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అచ్చు వేసినవారిని తప్పు పట్టనక్కరలేదు. కూపర్ బ్లాక్‌ను వీధి అవతలి నుంచి చూసేందుకే గీశారు, మీరు దాన్ని చేతిలో పట్టుకుని చదివించబోయారు. దాని పుట్టుక తెలిస్తే ఈ సంగతి మీకే బోధపడుతుంది.

అమెరికాలోని షికాగో నగరంలో ఆస్వాల్డ్ కూపర్ (1879–1940) అనే చిత్రకారుడు వ్యాపార ప్రకటనలకు చేత్తో అక్షరాలు గీసేవాడు. బొమ్మలు నేర్చుకుందామని ఆ ఊరికి వెళ్లి, అక్కడి బడిలో ప్రసిద్ధ అక్షరశిల్పి ఫ్రెడరిక్ గౌడీ దగ్గర చదివి, అక్షరాలలోనే స్థిరపడినవాడు. ఆయన గీతలోని నిండుదనం చూసి, సీసపు అక్షరాలు పోతపోసే బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ సంస్థ వాటిని అచ్చక్షరాలుగా మార్పించింది. 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ ఎంతగా అమ్ముడుపోయిందంటే, పోటీగా మోనోటైప్ సంస్థ గౌడీ చేతనే మరో లావు అక్షరాన్ని గీయించవలసి వచ్చింది. గురువు శిష్యుడి బాటలో నడవవలసి రావడం అచ్చు చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

ఇక అక్షరాన్ని దగ్గరగా చూడండి. సెరిఫ్ అంటే ఇంగ్లీషు అక్షరం గీతల చివర ఉండే చిన్న అంచు. మామూలు పుస్తకాల అచ్చులో అది ఉలితో చెక్కినట్టు పదునుగా ఉంటుంది. కూపర్ బ్లాక్‌లో మాత్రం వెన్నముద్ద ఎండకు కొంచెం కరిగినట్టు గుండ్రంగా ముగుస్తుంది. పాదాలు కూడా బల్లపరుపుగా ఉండవు, అడుగున ఉబ్బెత్తుగా ఉంటాయి. సున్నాలాంటి ‘ఓ’ అక్షరం లోపలి ఖాళీ నిటారుగా నిలబడకుండా వెనక్కి వాలి ఉంటుంది. అంత లావు అక్షరం మనల్ని బెదిరించకుండా ఆప్యాయంగా పలకరించినట్టు అనిపించడానికి ఈ మెత్తదనమే కారణం. 1995లో మొదలైన ఈజీజెట్ విమానసంస్థ పేరును నారింజరంగుతో కలిపి ఈ అక్షరంలోనే వేసుకుంది. తక్కువ ధరకు టికెట్లు అమ్మే సంస్థకు గంభీరమైన అక్షరం కన్నా ఇలాంటి చనువైన అక్షరమే నప్పుతుందని నా అభిప్రాయం.

మీ చీటీ దెబ్బతిన్నది కూడా ఆ లావు దగ్గరే. అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి 6 పాయింట్ల అక్షరానికి దక్కే మొత్తం ఎత్తు 2 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. అందులో అధికభాగం నలుపే ఆక్రమించుకుంటే ‘ఏ’, ‘ఈ’ వంటి చిన్నబడి అక్షరాల పొట్టలో మిగిలే తెలుపు సూదిమొనంత ఉంటుంది. కాగితం మీద సిరా కాస్త పాకినా అది పూడిపోతుంది. అందుకని ఈ అక్షరాన్ని బోర్డుకూ, డబ్బా మూత మీది పేరుకూ ఉంచుకుని, రెండు మూడు మాటలకు మించకుండా వాడండి. అక్షరాలను ఎడం చేయకుండా దగ్గరదగ్గరగా పేర్చండి. అన్నీ పెద్దబడి అక్షరాలే వేస్తే గోడ కట్టినట్టు అవుతుంది, మొదటిది పెద్దది, మిగిలినవి చిన్నవిగా ఉంటేనే దాని అందం తెలుస్తుంది. కిందికి దిగే తోకలు పొట్టివి కనుక రెండు వరుసలు వేసినా మధ్య ఖాళీ తగ్గించవచ్చు. దినుసుల జాబితాకు మాత్రం సన్నని, సాదా అక్షరం తీసుకోండి.

తెలుగు పేరు విషయంలో ఒక పొరపాటు చేయకండి. ఇంగ్లీషు సెరిఫ్‌కు జోడీగా ఉంటుందని తలకట్టును సాగదీసి వంకీలు తిప్పించేవారు ఉన్నారు. తలకట్టు అలంకారం కాదు, అది ‘అ’కారానికి గుర్తు. ‘క’ను ‘కి’ చేయగానే తలకట్టు పోయి దాని చోట గుడి వచ్చి కూర్చుంటుంది. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రనివి కాబట్టి లావు ఒక్కటి సరిపోలితే చాలు, కూపర్ బ్లాక్ పక్కన చక్కగా ఒదుగుతాయి. సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ ఉచితంగా అందుబాటులో ఉంచిన రామభద్ర ఖతి (ఫాంటు) బాగా లావైనది, శీర్షికల కోసమే చేసినది, దానిని ప్రయత్నించి చూడండి. అయితే ఇంగ్లీషు వరుసల మధ్య తగ్గించినట్టు ఇక్కడ ఖాళీ తగ్గించకూడదు, ఒత్తులకు కింద చోటు కావాలి.

ఖాయం చేసే ముందు మీ కొట్టులోని ‘పఫ్’ అనే మాటను బోర్డు కొలతలోనూ, చీటీ కొలతలోనూ అచ్చు తీయించి చూడండి. ‘ప’ తలకట్టు కింద ఉన్న సందు పూడితే అది ‘వ’ అవుతుంది. ‘ఫ’ అడుగున ఉన్న చిన్న గీత లావులో కలిసిపోతే అది ‘ప’ అవుతుంది. చీటీ మీద ‘వప్’ అని కనిపిస్తే, అక్కడ తెలుగుకు కూడా సన్నని అక్షరమే వేయించండి.