పాత వెండి నాణెం మీద ఉన్నది ముద్రణ లోపమా, తర్వాత తగిలిన దెబ్బా? ఎలా తెలుస్తుంది, విలువ ఎలా కట్టాలి?

ముందు భూతద్దం తీసుకోండి. అచ్చు (నాణెం మీద బొమ్మ వేసే లోహపు దిమ్మ) పగిలితే ఆ చీలికలోకి లోహం చొచ్చుకుపోతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. గీత లోపలికి దిగి ఉంటే అది చాలావరకు గీరుడే. అంచు ముక్క తక్కువగా ఉంటే సరిగ్గా ఎదురు వైపు అంచు చూడండి. ముద్ర వేయకముందు ఖాళీ బిళ్ల కత్తిరించినప్పుడే ముక్క పోయి ఉంటే ఆ ఎదురు వైపు అంచు సాధారణంగా బలహీనంగా, చదునుగా ఉంటుంది. తర్వాత ఎవరో కోసేస్తే ఆ గుర్తు ఉండదు. అక్షరాలు రెండుగా కనిపించగానే సంబరపడకండి. మెట్టులా చదునుగా జరిగినట్టుంటే అది ముద్ర పడేటప్పుడు అచ్చు కదలడం వల్ల వచ్చింది, దానికి పెద్దగా ధర రాదు. అచ్చులోనే రెండు ముద్రలు ఉన్నదానికే గిరాకీ.

ధర లోపం ఎంత కొట్టొచ్చినట్టుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బొమ్మ బాగా పక్కకు జరిగినా సంవత్సరం కనిపిస్తే విలువ ఎక్కువ. యంత్రాలు లేక సుత్తితో కొట్టి ముద్ర వేసిన కాలపు నాణేల్లో మాత్రం పక్కకు జరగడం మామూలే, దానికి అదనంగా ఇవ్వక్కర్లేదు. అమ్మేవాళ్లు అడిగే రేట్లు కాదు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. మెరవాలని మాత్రం తోమకండి, తోమిన నాణేనికి ధర పడిపోతుంది.