మేనకోడలికి, గ్రాంటు కాగితం మీద సంతకం పెట్టే ముందు

అమ్మడూ,

నువ్వూ మీ కాలేజీ బ్యాచ్ వాళ్ళూ కలిసి, సోంపేటకు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళ కోసం వ్యాన్ పెడతారట, ఊళ్ళో అందరికీ కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయిస్తారట, దానికి గ్రాంటు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తిడుతున్నట్టే చెప్పింది గానీ గొంతులో గర్వం దాచుకోలేకపోయింది. నేనూ పొంగిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

గ్రాంటు కోసం మీరు పెట్టే సొసైటీకి కనీసం ఏడుగురుండాలి, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించండి. పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు, ఇవి నాకన్నా నీకే బాగా తెలుసు. ఆ ఏడుగురూ మీ కాలేజీ బ్యాచ్ వాళ్ళే అయితే మాత్రం నేను ఒప్పుకోను. డయాలసిస్ కోసం వారం వారం సూది గుచ్చించుకునే మనిషి ఉన్న ఇంటి నుంచి ఒకరైనా ఉండాలి.

"పంచాయతీలో డబ్బుంది కదా" అన్నావట. ఉంది, కానీ దాని దారులు దానికున్నాయి. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసినదే. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. మీ వ్యాన్ డ్రైవరు జీతం ఆ పద్దులో రాశారంటే అక్కడే కొట్టేస్తారు. ఆరోగ్యానికని ఆ సంఘమే స్థానిక సంస్థలకు విడిగా 70,051 కోట్లు ఇవ్వమంది. అంకె చూసి ఎగరకు. అది సబ్ సెంటర్ల భవనాలకూ ల్యాబులకూ ఉద్దేశించింది, మీ చేతికి రాదు. మీకు పనికొచ్చేది ఒకటే, మన పీహెచ్‌సీ ల్యాబులో క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడూ జరిగేలా అడగడం.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏడాదికి పదివేలు వస్తాయి. నవ్వకు. నా సర్వీసంతా ఆ పదివేలు బ్లీచింగ్ పౌడర్‌కీ ఫినాయిల్‌కీ పోవడమే చూశాను. కానీ ఆ కమిటీ మినిట్స్ పుస్తకంలో "మా ఊళ్ళో ఇంతమందికి కిడ్నీ జబ్బు, ఇంతమంది డయాలసిస్ మీద" అని ఎక్కిందంటే పెద్ద ఆఫీసులో ఆ కాగితం మాట్లాడుతుంది. అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని మొదలవుతుంది. గ్రామసభకు మీ కుర్రాళ్ళు కాదు, రోగుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి అడగాలి. తీర్మానం కాపీ సెక్రటరీ దగ్గర అదే రోజు తీసుకో. రేపిస్తానంటే అక్కడే కూర్చో.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు ఇది చెప్పి ఉండడు. తిత్లీ తుపాను రోజులు నీకు గుర్తుండే ఉంటాయి, 2018 అక్టోబరు. కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు లేదు, బోర్లు ఆగిపోయాయి. అప్పట్లో మీ నాన్న ఊరి సంఘానికి కోశాధికారి. కిడ్నీ పరీక్షల క్యాంపులకని ఒక ఆఫీసు ఇచ్చిన గ్రాంటు సంఘం ఖాతాలో పడి ఉంది. వాడు ఆ డబ్బు తీసి జనరేటర్ అద్దెకు తెచ్చాడు, ట్యాంకర్లతో నీళ్ళు తోలించాడు, పైకప్పు లేచిపోయిన ఇళ్ళకు టార్పాలిన్లు కొన్నాడు. నేను ఫోన్‌లో అడిగితే, "ఏటప్పా, జనం నీళ్ళకి అల్లాడిపోతంటే బ్యాంకులో డబ్బులు దాసుకుని కూకోమంటావా?" అన్నాడు. ఆ మాటకు ఎవరు మాత్రం ఏం బదులు చెప్పగలరు?

ట్యాంకరు వాళ్ళు బిల్లులివ్వలేదు. టార్పాలిన్ల కొట్టువాడు సిగరెట్ పెట్టె అట్ట మీద అంకె వేసిచ్చాడు. కొన్ని నెలల తర్వాత తనిఖీకి వచ్చినాయన అంతా చూసి, ఒక్క రూపాయి కూడా తినలేదని నోటితో ఒప్పుకున్నాడు. కాగితం మీద మాత్రం "నిధుల మళ్ళింపు" అని రాసి, వడ్డీతో కట్టమన్నాడు. సంఘంలో మిగతావాళ్ళు తప్పుకున్నారు. చెక్కు మీద సంతకం మీ నాన్నది. తూర్పు వైపు తోట ముక్క ఎందుకు అమ్మారని నువ్వు అప్పట్లో అడిగేదానివి కదా, అందుకు.

తోట పోయినందుకు కాదు నాకు బాధ. ఆ క్యాంపులు జరగలేదు. ఆ ఏడాది ఊళ్ళో ఎవరికి క్రియాటినిన్ పెరుగుతోందో ముందే తెలియాల్సింది, తెలియలేదు. మన ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు రావడానికి కారణమే ఇంకా తేలలేదు, కాళ్ళు వాచేదాకా మనిషికి తెలియదు. ముందుగా పట్టుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. నీళ్ళ ట్యాంకర్ల కోసం కలెక్టరాఫీసు దగ్గర గొడవ చేయాల్సింది, పరీక్షల డబ్బు ముట్టుకోకుండా ఉండాల్సింది. తప్పదనుకుంటే కమిటీ తీర్మానం రాసి, డబ్బిచ్చిన ఆఫీసుకు "ఫలానా కారణంగా ఇంత వాడుకోవడానికి అనుమతివ్వండి" అని ఒక ఉత్తరం పెట్టి, జవాబు వచ్చాకే ముట్టుకోవాలి. మీ నాన్నది మంచి మనసు. తొందరపడ్డాడు. నీదీ అదే పోలిక, అందుకే నా టెన్షన్. ఈ సంగతి వాడి దగ్గర ఎత్తకు.

గ్రాంటుకు విడిగా ఖాతా తెరువు. ఇద్దరి సంతకాలు ఉండాలి, ఖాళీ చెక్కు మీద ఒక్క సంతకం కూడా ఉండకూడదు, నేనడిగినా సరే. ఖాతాలో పడ్డ వడ్డీ కూడా లెక్కలో చూపాలి, అది మీది కాదు. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువు అని కేంద్ర నిబంధనల్లో ఉంటుంది, నువ్వు ఏప్రిల్‌లోనే ఇచ్చెయ్. బిల్లు లేని ఖర్చు నీ జేబులోదే అనుకో. మరి వ్యాన్ టైరు పంక్చరైతే రాత్రి పూట బిల్లెవడిస్తాడు అంటావు. వోచరు పుస్తకం బండిలోనే పెట్టుకో, పంక్చర్ వేసినవాడి సంతకం తీసుకో.

వ్యాన్ విషయంలో ఇంకొకటి. మొదలుపెట్టి ఆపేయకండి. డయాలసిస్ చేయించుకునే మనిషి మీ వ్యాన్‌ని నమ్ముకుని ఆటో మాట్లాడుకోవడం మానేస్తాడు. గ్రాంటు విడత ఆలస్యమైతే నాలుగు నెలల డీజిల్ ఎక్కడి నుంచి వస్తుందో తేలాకే మొదటి ట్రిప్పు వేయండి. అది తేలకపోతే ఈ ఏడాదికి పరీక్షలే చాలు.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నావేమో. మీ అమ్మ చెప్పలేదు, నేనే ఊహించాను. మానకు. రెండో విడత వచ్చాక మళ్ళీ మాట్లాడుకుందాం.

క్యాంపు పెట్టినప్పుడు మొదటి సూది నీ చేతికే వేయించుకో, రెండోది మీ నాన్నకు. బీపీ మాత్ర వేసుకుంటున్నాడో లేదో కూడా చూడు. దసరాకి వచ్చేటప్పుడు క్యాష్ బుక్కు తీసుకురా. మీ మావయ్య రిటైరయ్యాక కూడిక తప్పులు పట్టడానికి ఎవరూ దొరక్క నా పాల లెక్కల మీద పడుతున్నారు.

మీ అత్త