పద్నాలుగా, పదహారా?

భీమవరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య "వాడేంటి, ఏడుస్తున్నాడా?" అని అడిగింది. లేదు గానీ గొంతు మాత్రం అలాగే ఉందన్నాను. మిల్లు ముందు దాళ్వా ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి, కాటా దగ్గర కంప్యూటరేమో 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటూ ఉంటే ఎవరికైనా టెన్షనే. ఫోన్లో చెప్పింది సగం నీ చెవికెక్కలేదు. అందుకే రాస్తున్నాను. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తాను, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో.

ముందు కాటా సంగతి చూడు. ఈ పూటకి పుస్తకంలో రాయించు. బండి నంబరు, రైతు పేరు, బరువు, తేమ, అంతే. 75 కిలోల బస్తాలు లెక్కపెట్టడం మీ గుమస్తాగారికి కంప్యూటర్లు రాకముందు నుంచీ వచ్చు. బండ్లు కదులుతుంటే నీ వెనక నిలబడి "అయ్యిందా, అయ్యిందా" అనేవాళ్లు తగ్గుతారు. నేను ఇన్నేళ్లలో డేటా పోగొట్టుకున్నది ఒక్కసారే. అప్పుడు నా వెనక అయిదుగురు నిలబడి ఉన్నారు.

ఇక సర్వర్. దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటుని 22.04 నుంచి 24.04కి మార్చానన్నావు. కాటా లెక్కలు దాచే డేటాబేస్ ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ కదా, 22.04తో వచ్చేది 14, 24.04తో వచ్చేది 16. అప్‌డేట్ నీ 14ని 16గా మార్చెయ్యదు. దాని పక్కన ఖాళీ 16ని ఒకదాన్ని పెడుతుంది. 5432 పోర్టు, అంటే మిగతా ప్రోగ్రాములు వచ్చి తట్టే తలుపు నంబరు, పాతదాని పేరు మీద ఉంది కాబట్టి కొత్తది 5433లో కూర్చుంటుంది. చివర్లో పాత ప్యాకేజీలు తీసెయ్యమంటావా అని అడిగితే 'యస్' కొట్టానన్నావు చూడు, అక్కడ పోయింది 14 ప్రోగ్రామ్. డేటా కాదు. మనిషి ఊరెళ్లాడు, సామాను ఇంట్లోనే ఉంది.

నేను చెప్పింది నిజమో కాదో చూసుకోవాలంటే పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్ అని కొట్టు, ఉన్న పోస్ట్‌గ్రెస్‌లన్నీ వరసగా చూపిస్తుంది. 14 వరసలో 'డౌన్, బైనరీస్_మిస్సింగ్' అని కనిపిస్తే ఇదే జబ్బు. ఒట్టి 'డౌన్' అని ఉంటే మాత్రం వేరే కథ, లాగ్ చదవాలి, సర్వర్ తన సంగతులు రాసుకునే ఫైల్ అది. లాగ్‌ని కింది నుంచి చదవకు. ఆఖరి లైన్లలో 'ఆగిపోయాను' అనే ఉంటుంది, ఎందుకు ఆగిందో ఉండదు. సర్వర్ లేవబోయిన చోటికి వెళ్లి, అక్కణ్ణుంచి కిందికి వస్తూ మొదట కనిపించిన 'ఫేటల్' పట్టుకో. డిస్క్ నిండిపోవడం, ఫోల్డర్ ఓనర్ మారిపోవడం, కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో పాత సెట్టింగ్ మిగిలిపోవడం, చాలాసార్లు ఈ మూడింట్లో ఒకటే. మీ ఫ్రెండ్ చేపల మేత ఆఫీసులో మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ 5.7 నుంచి 8.0కి వెళ్లి లేవలేదన్నావు కదా, దాని సెట్టింగుల ఫైల్ మై.సీఎన్‌ఎఫ్‌లో క్వెరీ_క్యాష్_సైజ్ లైన్ ఉందేమో చూసుకోమను. 8.0లో ఆ క్యాష్‌నే తీసేశారు. ఆ లైన్ చూస్తే సర్వర్ స్టార్ట్ కాదు.

ఏదైనా ముట్టుకునే ముందు, 14 డేటా ఫోల్డర్ మొత్తం, ఈటీసీలో ఉన్న దాని కాన్ఫిగ్ ఫోల్డర్ కూడా బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్యి. సీపీ -ఏ వాడితే ఓనర్లు, పర్మిషన్లు చెదరవు. ఆ డిస్క్ మాత్రం మన లైనక్స్ ఫార్మాట్‌లో ఉన్నదై ఉండాలి, పెన్‌డ్రైవ్‌లో పడేస్తే ఓనర్లు నిలవవు. సర్వర్ ఆగే ఉంది కాబట్టి ఇప్పుడు తీసిన కాపీ నమ్మకంగా పనికొస్తుంది. నెట్‌లో ఎవడో పీజీ_రీసెట్‌వాల్ కొట్టమని రాసి ఉంటాడు. సర్వర్ రాసుకున్న మార్పుల చిట్టాని చెరిపేసే కమాండ్ అది. దాని జోలికి వెళ్లావంటే నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు. సర్వర్ నడుస్తోందని గుర్తుగా ఉండే పోస్ట్‌మాస్టర్.పిడ్ ఫైల్ కూడా, పాత ప్రాసెస్ నిజంగా లేదని పీఎస్ కమాండ్‌తో చూసుకోకుండా తీసెయ్యకు.

తర్వాత పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపోజిటరీ, అంటే ప్యాకేజీలు దించుకునే చోటు, పీజీడీజీ అంటారు, దాన్ని కలిపి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-14 ప్యాకేజీ మళ్లీ వెయ్యి. పాత ఫోల్డర్‌ని అదే పట్టుకుని లేస్తుంది. లేవకపోతే పీజీ_సీటీఎల్‌క్లస్టర్ 14 మెయిన్ స్టార్ట్. కాటా పని చేస్తుంది. ఇవాల్టికి అక్కడే ఆగు. 16కి వెళ్లే పని ఇప్పుడొద్దు. ధవళేశ్వరంలో నీళ్లు ఆపి కాలువలు కట్టేశాకే కదా లాకుల తలుపులు విప్పేది. చేను పొట్ట మీద ఉన్నప్పుడు ఎవరైనా విప్పుతారా? అసలు కొనుగోళ్లు జోరుగా ఉన్నప్పుడు ఈ అప్‌డేట్ పెట్టుకోవడమే నీ మొదటి తప్పు. దాని గురించి తీరిగ్గా తిడతాను.

లేవని సర్వర్ గురించి నాకంత భయం లేదు. లేచి కూర్చున్నదాని గురించే భయం. తణుకు వైపు ఒక మిల్లులో నేనే 18.04 నుంచి 20.04కి మార్చాను. సర్వర్ చక్కగా లేచింది, టీ తాగి ఇంటికొచ్చేశాను. మూడో రోజు గుమాస్తా ఫోన్. రైతు సర్వే నంబరు కొడితే లేదంటోంది, మొత్తం లిస్టు తీస్తే అందులో ఉంది! ఏమైందో తెలుసా? ఉబుంటు మారితే అందులో జీలిబ్‌సీ అనే లైబ్రరీ కూడా మారుతుంది. అక్షరాల వరస చెప్పేది అదే. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో ఆ వరస బాగా మార్చారు. అంతకుముందు '11' ముందు, '1-1' తర్వాత. ఆ తర్వాత '1-1' ముందు, '11' తర్వాత. మన సర్వే నంబర్లలో గీతలకేం తక్కువ! ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే పట్టిక, పాత వరసలో పేర్చి ఉంది, సర్వర్ కొత్త వరసలో వెతుకుతోంది. దొరకదు. దొరకలేదని వాళ్లు అదే రైతుని మళ్లీ ఎక్కించారు. ఒకే నంబరుని రెండోసారి రానివ్వకూడని యూనిక్ ఇండెక్స్ కూడా అడ్డు చెప్పలేదు, పాతది దానికీ కనిపించలేదు కాబట్టి. సగం డబ్బులు ఒక ఖాతాలో, సగం ఇంకో ఖాతాలో. ఇండెక్సుని తిరగ కట్టే రీఇండెక్స్ కొడితే డూప్లికేట్లు ఉన్నాయంటూ ఆగిపోయింది. వాటిని ఒక్కొక్కటే కలుపుతూ నాలుగు రాత్రులు కూర్చున్నాను.

నీ అప్‌డేట్‌లోనూ జీలిబ్‌సీ 2.35 నుంచి 2.39కి మారింది. 2.28 అంత పెద్ద మార్పు ప్రతిసారీ ఉండదు. అయినా పూచీ ఎవరిస్తారు? 15 నుంచి పైవాటిలో అయితే కొలేషన్, అంటే ఆ అక్షరాల వరస, వెర్షన్ తేడా ఉందని డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వగానే హెచ్చరిక వస్తుంది, నీ 14లో అది రాదు. అందుకని ఈ రాత్రి కాటా కట్టేశాక రీఇండెక్స్ డేటాబేస్ కొట్టు. పగలు కొట్టకు, టేబుళ్లకి లాక్ పడుతుంది.

దాళ్వా అయ్యాక 16కి వెళ్లేటప్పుడు, ముందు ఆ ఖాళీ 16ని తీసెయ్యాలి. లేకపోతే పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ ఒప్పుకోదు. తీసే కమాండ్ పీజీ_డ్రాప్‌క్లస్టర్ --స్టాప్ 16 మెయిన్. ఆ 16 నడుస్తూ ఉంటుంది, స్టాప్ లేకపోతే తియ్యదు. ఎంటర్ కొట్టే ముందు చెయ్యి కీబోర్డు మీంచి తీసి ఆ నంబరు పైకి చదువు. 16 బదులు 14 అని పడితే మిల్లు డేటా మొత్తం పోయినట్టే. తర్వాత పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 14 మెయిన్. అది మామూలుగా డంప్, అంటే మొత్తం డేటా నకలు, తీసి కొత్తదాంట్లో పోస్తుంది కాబట్టి డిస్క్‌లో రెండింతల చోటు కావాలి. ఇండెక్సులు ఎలాగూ కొత్తగా కడుతుంది. అయ్యాక 16 వచ్చి 5432లో కూర్చుంటుంది, 14 పక్కకి జరుగుతుంది. దాన్ని ఒక నెల అలాగే ఉంచు.

ఆ కాటా పుస్తకం ఎక్కడా పడెయ్యకు. సర్వర్ లేచాక అందులో ఉన్న ప్రతి బండీ ఎక్కించాలి. గుమస్తాగారి రాత నీకు అర్థం కాదు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకో. టీ నువ్వే ఇప్పించు.

మీ మావయ్య