6000 స్పీడు ర్యామ్ కొంటే 4800 చూపిస్తోంది, ఎక్స్‌పో ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్. ర్యామ్ పోయినట్టేనా?

మీరు రాసిన పీసీ ఇది: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 6000 అని రాసున్న 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు నాలుగు. రెండు ముందు కొన్నవి, ఇంకో రెండు మొన్న హనుమకొండలో కొన్నవి. దుకాణంలో "ర్యామ్ పోయింది, మార్చాలె" అన్నరట.

పోలేదు. ముందు కొత్త స్టిక్కులు రెండూ తీసి పక్కన పెట్టండి.

డబ్బా మీది 6000 ర్యామ్ కంపెనీ ఇచ్చిన మాట. ర్యామ్‌ను ఆ స్పీడుకు ఎక్కించే బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) సెట్టింగే ఎక్స్‌పో. ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్ లెక్క వేరే. 7600కి ఏఎండీ అధికారికంగా ఇచ్చింది రెండు స్టిక్కులకు 5200, నాలుగుకు 3600 మాత్రమే. అంటే 6000 అన్నది ఓవర్‌క్లాకే, అధికారిక స్పీడు దాటించి నడపడమే. రెండింటితో మామూలుగా నడుస్తది, నాలుగింటితో అదృష్టం. పైగా మోడల్ నంబర్ ఒకటే అయినా, వేర్వేరు డబ్బాల్లో ఒకదాంట్ల హైనిక్స్ కంపెనీ చిప్పులు, ఇంకోదాంట్ల శామ్‌సంగ్‌వి ఉండొచ్చు, అవి ఒకదానితో ఒకటి కుదరకపోవచ్చు. 64 జీబీ కావాలంటే ఒకే డబ్బాలో వచ్చిన 32 జీబీ స్టిక్కులు రెండు కొనాలె. "నాలుగు స్లాట్లున్నయి కదా, నింపుదాం" అని అమ్మేటోళ్లు ఈ ముచ్చట చెప్పరు.

మిగిలిన రెండు స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో ఉండాలె. రెండు వైపులా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. బయాస్ కొత్త వెర్షన్ ఎక్కించండి, అప్పుడు మాత్రం యూపీఎస్ తప్పనిసరి. తర్వాత ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేసి సేవ్ చెయ్యండి.

ఇక్కడే చాలామంది పరేషాన్ అయి చెడగొడతరు. సేవ్ చేయంగనే స్క్రీన్ నల్లగైతది. ఫ్యాన్లు తిరుగుతుంటయి, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతుంటది, ఇంకేం కనపడదు. అది మెమరీ ట్రైనింగ్: ఒక్కో లైనులో సిగ్నల్ ఎప్పుడు అందుతుందో కంట్రోలర్ కొలుచుకుంటది. నిమిషాలు పడతది. రెండు నిమిషాలకే స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తది. పదిహేను నిమిషాలు ముట్టుకోకండి. అప్పటికీ రాకపోతేనే ప్లగ్ తీసి, బోర్డు మీది సీమాస్ జంపర్‌తో బయాస్ సెట్టింగులు క్లియర్ చెయ్యండి.

బూట్ అయిందంటే పనైపోయినట్టు కాదు. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్టు వేసి నాలుగు పాసులు నడపండి, తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే ఇంకో టెస్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒక్కటే కదా" అనుకోవద్దు.

ఈ టెస్టు రాత్రి పూట పెడితే లాభం లేదు. ర్యామ్‌లో ప్రతి బిట్టు చిన్న కెపాసిటర్‌లో నిల్వ ఉన్న చార్జ్. అది కారిపోతనే ఉంటది, ఎప్పటికప్పుడు రిఫ్రెష్ చెయ్యాలె. వేడి పెరిగితే ఇంకా తొందరగా కారుతది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి నేరుగా స్టిక్కులకు తగులుతుంటే, జనవరిలో పాసైన సెట్టింగే కూలిపోతది. అందుకే గేమ్ ఒకటి నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో స్టిక్కుల టెంపరేచర్ చూడండి. 50 డిగ్రీలు దాటుతుంటే ముందుగా గాలి సంగతి చూడండి. ముందువైపు మొత్తం అద్దం పెట్టిన క్యాబినెట్లు షోకుకు బాగుంటయి, మన ఎండలకు మాత్రం పనికిరావు. బోర్డులో "హై బ్యాండ్‌విడ్త్", "లో లేటెన్సీ" లాంటి ఆప్షన్లుంటే ఆఫ్ చెయ్యండి. అవి టైమింగులు బిగించి వేడికి ఇంకా నాజూకు చేస్తయి.

ఇంకా ఎర్రర్లు వస్తే బయాస్‌లో ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి పోయేది) చూడండి. 1.20 నుంచి 1.25 మధ్య సరిపోతది, 1.30 దాటనీయొద్దు. 2023లో రైజెన్ 7000 చిప్పులు కాలిపోయిన తర్వాత ఏఎండీ అక్కడే హద్దు పెట్టింది. డీర్యామ్ వోల్టేజ్ ప్రొఫైల్‌లో ఉన్నదే, మామూలుగా 1.35, ఉంచండి. మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ (ప్రతిసారి ట్రైనింగ్ చెయ్యకుండా పాత కొలతలే వాడే సెట్టింగ్) ఆన్ ఉంటే ఆఫ్ చేసి చూడండి. బూట్ నెమ్మదైతది గానీ, కొన్ని బోర్డుల్లో బ్లూ స్క్రీన్ దీనివల్లనే.

ఏదీ పనిచెయ్యకపోతే ప్రొఫైల్ అట్లనే ఉంచి స్పీడు మాత్రం 5600కు దించండి. గేముల్లో తేడా కండ్లకు కనపడదు. టాస్క్ మేనేజర్‌లో 5600 చూపిస్తది, సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2800. డీడీఆర్ అంటే ఒక్క క్లాక్‌కు రెండుసార్లు డేటా పోతది కాబట్టి రెండూ కరెక్టే, సగమే నడుస్తుందని దుకాణపాయనతో పంచాయితీ పెట్టుకోకండి.

టెస్టులన్నీ పాసయినంక కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడపండి, అది విండోస్ ఫైళ్లను చెక్ చేసి బాగు చేస్తది. ఇన్ని రోజుల బ్లూ స్క్రీన్లలో విండోస్ ఫైళ్లు కొన్ని చెడిపోయి ఉండొచ్చు. అవి బాగు చెయ్యకపోతే ర్యామ్ సరిగ్గున్నా క్రాషులు ఆగకపోవచ్చు.